పక్షి ఎగురుతుంది: లోజ్బాన్‌లో ఈ మాట ఎలా చెప్పాలి?

చిగురాకు

నమస్తే అందరికీ. పిల్లల కోసం జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి, తర్కం పునాదిగా కట్టిన కృత్రిమ భాష లోజ్బాన్‌లో రాస్తున్నాను. మొత్తం 12 బొమ్మలు, బొమ్మకో వాక్యం. ఇంతకంటే సులువైన పని ఉండదనుకుని మొదలుపెట్టాను. మొదటి బొమ్మ దగ్గరే మూడు రోజులుగా ఆగిపోయాను. ఆ వాక్యం "పక్షి ఎగురుతుంది".

షిప్ని అంటే పక్షి, వోఫ్లి అంటే ఎగరడం. మధ్యలో వచ్చే షు ఆ రెంటినీ విడదీసే చిన్నమాట. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. షిప్ని ముందు ఏం పెట్టాలన్నదే టెన్షన్. "రో షిప్ని షు వోఫ్లి" అంటే ప్రతి పక్షీ ఎగురుతుందని. నా ఏడో బొమ్మ పెంగ్విన్. మొదటి పేజీలో చెప్పిన మాట ఏడో పేజీకి అబద్ధమైపోతుంది. "లో షిప్ని షు వోఫ్లి" అంటే, నేను చదివిన పాత పాఠాల ప్రకారం, కనీసం ఒక పక్షి ఎగురుతుందని. నిజమే, కానీ పిల్లకి చెప్పాలనుకున్నది అది కాదు. "సోహె షిప్ని" అంటే ఎక్కువ పక్షులు. ఇదేమో ఎవరో కూర్చుని లెక్కపెట్టి చెప్పినట్టు ఉంది.

వెతగ్గా వెతగ్గా లోహె అనే మాట కనబడింది. "లోహె షిప్ని షు వోఫ్లి" అంటే సరిపోతుందా? పిల్ల చేతికి వెళ్ళే పుస్తకం, తప్పు వాక్యం పెట్టాలని లేదు.

(లోజ్బాన్ మాటల్ని తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఖ అన్నచోట గొంతులో రాపిడి శబ్దం అనుకోండి. లోహె, సోహె లాంటి వాటి మధ్యలో ఉన్న హ అసలు రాతలో అపాస్ట్రఫీ.)

తర్కవిహారి

చిగురాకు గారూ, మంచి చోటే ఆగారు. చాలామంది ఇక్కడ ఏదో ఒకటి పెట్టేసి ముందుకెళ్ళిపోతారు.

లోహె మీకు కావలసిన మాటే. ఒక రకం వస్తువుల్లో ఆ రకానికి తగ్గట్టు ఉండేదాన్ని తలుచుకుని మాట్లాడటానికి పెట్టిన గద్రి అది. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను, గద్రి అంటే లో, లే, లా లాగా వర్ణన ముందు నిలబడే చిన్నమాట. 1997లో అచ్చయిన రిఫరెన్స్ గ్రామర్‌లో లోహెకి ఇచ్చిన ఉదాహరణ సింహం ఆఫ్రికాలో నివసిస్తుంది అన్నది. అక్కడే లోయ్ అనే ఇంకో గద్రితో కూడా దాదాపు అదే వాక్యం ఉంటుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది.

లోయ్ షిన్ఫొ అంటే సింహాల మొత్తం రాశి. పాత నియమం ప్రకారం ఆ రాశిలో కొంత భాగానికి వర్తించినా వాక్యం నిజమే. కాబట్టి "లోయ్ షిన్ఫొ ఆఫ్రికాలో ఉంటుంది" నిజం, "లోయ్ షిన్ఫొ ఆసియాలో ఉంటుంది" కూడా నిజం. గిర్ అడవిలో సింహాలున్నాయి కదా. అదే లోహె పెడితే మొదటిది నిలుస్తుంది, రెండోది పడిపోతుంది. సింహం అనగానే దాని రకానికి తగ్గట్టు ఉండే సింహం ఆసియాలో ఉండదు.

కాబట్టి పెంగ్విన్ మీ మొదటి పేజీని చెడగొట్టదు. ధైర్యంగా లోహె పెట్టండి.

నీలిగళ్ళు

అండీ, చిన్న సందేహం. లోహె అంటే సగటు పక్షి అనా?

తర్కవిహారి

కాదండి, ఈ రెంటినీ కలపకూడదు. సగటు లెక్కలోంచి వస్తుంది. సగటు కుటుంబానికి రెండున్నర మంది పిల్లలని లెక్క తేలిందనుకోండి, రెండున్నర మంది పిల్లలున్న ఇల్లు ఎక్కడా ఉండదు. లోహె చెప్పేది మన కళ్ళముందు ఉండగలిగిన, ఆ రకానికి నమూనాగా చూపించగలిగిన దాని గురించి. సగటు చెప్పాలంటే దానికి ష్నానొ అని వేరే మూలపదమే ఉంది. అందులో విలువ, ఏ గుణంలో, ఏ సమితిలో, ఏ కొలబద్దతో అని నాలుగు స్థానాలు. సగటు అన్నాక కొలబద్ద చెప్పాల్సిందే మరి.

పాతకాపు

విహారి గారు చెప్పినదాంతో ఏకీభవిస్తూనే సోహె గురించి ఒక మాట. చిగురాకు గారికి అది లెక్కపెట్టినట్టు అనిపించడం ఊరికే కాదు. అది నిజంగా లెక్కే, పైగా వేటిని లెక్కపెడుతున్నామో కూడా చూసుకోవాలి.

పక్షి జాతులు 10,000కు పైగా ఉన్నాయి. వాటిలో ఎగరలేనివి సుమారు 60. జాతుల్ని లెక్కపెడితే "ఎక్కువ పక్షులు ఎగురుతాయి" అన్నది కళ్ళు మూసుకుని ఒప్పుకోవచ్చు. కానీ సోహె షిప్ని జాతుల్ని లెక్కపెట్టదు, పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంది. ప్రపంచంలో ఒక్క కోళ్ళే 2,000 కోట్లకు పైన ఉన్నాయి. గోడ ఎక్కేంత దూరం రెక్కలాడించడాన్ని ఎగరడం అంటారో లేదో మీరే తేల్చుకోవాలి. రేపు కోళ్ళ సంఖ్య ఇంకా పెరిగిందనుకోండి, "ఎక్కువ పక్షులు ఎగురుతాయి" అన్నది ఏదో ఒక రోజున అబద్ధం కావచ్చు. ఆ రోజున పక్షి స్వభావంలో ఏ మార్పూ వచ్చి ఉండదు. పిల్లలకి మనం చెప్పే వాక్యం జనాభా లెక్క మీద ఆధారపడకూడదు.

కోడ్‌పిట్ట

నేను ప్రోగ్రామింగ్ వైపు నుంచి వచ్చాను. లోహె, రో మధ్య తేడా నాకు ఇలా అర్థమైంది. రో వాక్యం చేతిలో ఉంటే దాన్నుంచి ఏ పక్షికైనా దిగొచ్చు. "రో షిప్ని షు వోఫ్లి", ఇది షిప్ని, కాబట్టి ఇది వోఫ్లి. మధ్యలో ఎవరూ అడ్డుపడలేరు. లోహె వాక్యం నుంచి అలా దిగడం కుదరదు. ఇది షిప్ని అని తెలిస్తే ఎగురుతుందని ఊహించవచ్చు, అది పెంగ్విన్ అని తెలిసిన క్షణాన ఆ ఊహ వెనక్కి తీసుకోవాలి. కొత్త విషయం తెలిస్తే పాత నిర్ణయం రద్దయ్యే తర్కం ఇది. 1980లో రేమండ్ రీటర్ డిఫాల్ట్ లాజిక్ అని ప్రతిపాదించింది ఇలాంటి ఊహలకోసమే, అక్కడ కూడా అందరూ చెప్పుకునే ఉదాహరణ ఎగిరే పిట్టే.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఏమిటంటే, తర్కం పునాదిగా కట్టిన భాష ఈ రద్దయ్యే ఊహకి ఒక గద్రి కేటాయించడం. రో (ప్రతి), సూహో (కనీసం ఒకటి) రెండూ ఉంటే చాలని సరిపెట్టుకోలేదు.

నుడికారం

విహారి అన్నా, అందరూ గద్రి దగ్గరే తిరుగుతున్నారు. నేను తెలుగు వైపు నుంచి ఒక దారి చూపిస్తాను. చిగురాకు గారి ఇబ్బందికి వేరు అక్కడే ఉందని నా అభిప్రాయం.

మనకి గద్రులు లేవు. "పక్షి" అంటే ఆ పక్షీ కావచ్చు, ఏదో పక్షీ కావచ్చు, పక్షి అనే రకమూ కావచ్చు. ఆ పని మనం క్రియతో చేస్తాం. మన వ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అని నాలుగోది ఉంది, చిన్నప్పుడు చదువుకునే ఉంటారు. తత్ ధర్మం, దాని స్వభావం. "సూర్యుడు తూర్పున ఉదయించును" అన్నప్పుడు అది రేపటి సంగతి కాదు, సూర్యుడి తీరు. ఇప్పటి వాడుకలో తద్ధర్మమూ భవిష్యత్తూ ఒకే రూపంలో కలిసిపోయాయి. "రేపు వస్తాడు", "రోజూ వస్తాడు". రెంటికీ అదే వస్తాడు. అందుకే "పక్షి ఎగురుతుంది" అన్నది గూట్లో కూర్చున్న పిట్టని చూపిస్తూ అంటే కాసేపట్లో ఎగురుతుందని, బొమ్మల పుస్తకంలో అంటే దాని స్వభావం ఎగరడమని. వాక్యం చూస్తే తేడా తెలియదు, సందర్భం చెప్పాలి.

కానీ ఒక్క క్రియ దగ్గర మాత్రం తెలుగు ఈ తేడాని చక్కగా కాపాడుకుంది. ఉంది, ఉంటుంది. "ఏనుగుకి తొండం ఉంటుంది", "ఈ ఏనుగుకి గాయం ఉంది". "ఏనుగుకి తొండం ఉంది" అని పిల్లలతో అనం. అన్నామంటే ఎదురుగా ఏనుగు నిలబడి ఉండాలి. తెలుగు పుట్టుకతో వచ్చినవాళ్ళకి ఈ తేడా నేర్పక్కర్లేదు, మూడేళ్ళ పిల్లలు కూడా పొరబడరు.

కాబట్టి చిగురాకు గారూ, ఏ వాక్యం దగ్గరైనా సందేహం వస్తే దాన్ని ఉంది, ఉంటుంది వైపు తిప్పి చూసుకోండి. ఉంటుంది వస్తే లోహె గురించి ఆలోచించవచ్చు. ఒక్క జాగ్రత్త, ఉంటుంది అన్నది ఊహకి కూడా వాడతాం. "తాళంచెవి బల్లమీద ఉంటుంది చూడు" అన్నప్పుడు అక్కడ స్వభావం ఏమీ లేదు.

చిగురాకు

నుడికారం గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. దానికి కారణం ఉంది.

నా నాలుగో బొమ్మ పిల్లి. వాక్యం "పిల్లికి నాలుగు కాళ్ళు ఉంటాయి". నేను రాసుకునే బల్ల పక్కన కిటికీ ఉంది, ఆ కిటికీ మీదకి రోజూ ఒక పిల్లి వస్తుంది. దానికి ముందు కుడికాలు లేదు. భుజం దగ్గర బొచ్చు నున్నగా కమ్ముకుపోయి, అక్కడ కాలు ఉండేదన్న ఆనవాలు కూడా కనబడదు. గోడ మీంచి కిటికీలోకి దూకేటప్పుడు ఒక్క క్షణం తల కిందికి వంచి, బరువంతా ఎడమకాలి మీదకి తెచ్చుకుని దిగుతుంది. దిగాక ఏమీ జరగనట్టు కూర్చుని ఆ ఒక్క ముందుకాలినే నాక్కుంటుంది.

దాన్ని చూస్తూ "పిల్లికి నాలుగు కాళ్ళు ఉంటాయి" అని రాశాను. ఈ పిల్లి ఆ వాక్యాన్ని అబద్ధం చెయ్యలేదు. అలాగని ఆ వాక్యం ఈ పిల్లిని పిల్లి కాకుండానూ చెయ్యలేదు. "పిల్లికి నాలుగు కాళ్ళు ఉంటాయి, ఈ పిల్లికి మూడు ఉన్నాయి." ఈ మాట నోటికి వచ్చాక గానీ ఉంటాయి, ఉన్నాయి ఎంత పని చేస్తున్నాయో తెలియలేదు.

లోజ్బాన్‌లో ఇది "లోహె మ్లాతు షు సే తుప్లె వో దా" అనుకుంటున్నాను. తుప్లె అంటే ఫలానాదాని కాలు, సే పెడితే స్థానాలు తిరగబడి కాలు కలది అవుతుంది. సరేనా?

తర్కవిహారి

సరిగ్గా ఉంది. వో అంటే నాలుగు, దా అంటే ఏదో ఒకటి. వో దా అంటే కచ్చితంగా నాలుగు, ఎక్కువా కాదు తక్కువా కాదు. లోజ్బాన్‌లో అంకె పెట్టాక అది అంకే.

నుడికారం తమ్ముడూ, క్రియ గురించి నువ్వన్నది లోజ్బాన్‌కీ వర్తిస్తుంది, అక్కడా క్రియ వైపు ఒక దారి ఉంది. నాహొ అని క్రియ ముందు పెట్టే మాట, "మామూలుగా ఇలా జరుగుతుంది" అని. దాని పక్కనే తాహె ఉంది, అది అలవాటు. రూహి అంటే ఎడతెరిపి లేకుండా, దీహి అంటే క్రమం తప్పకుండా. "లో షిప్ని షు నాహొ వోఫ్లి" అంటే మన తద్ధర్మానికి చాలా దగ్గరగా వస్తుంది.

తేడా ఏమిటంటే లోహె వస్తువుని చూస్తుంది, నాహొ సంఘటనని చూస్తుంది. మీ కిటికీ పిల్లి విషయంలో లోహె వాడలేం, అది ఒకానొక పిల్లి. కానీ అది రోజూ వచ్చి కూర్చుంటుంది కాబట్టి "లే వి మ్లాతు షు తాహె" (ఈ పిల్లి అలవాటుగా) అని మొదలుపెట్టి దాని అలవాటు చెప్పవచ్చు. నమూనా పిల్లి గురించి మాట్లాడుతూ దాని మామూలు తీరు చెప్పాలంటే రెండూ కలిపి వాడినా తప్పులేదు.

పాతకాపు

పక్షి ఎగరడం దగ్గర నేనైతే నాహొ కంటే కాహె వైపు మొగ్గుతాను. కాహె అంటే స్వతహాగా సామర్థ్యం ఉండటం. రిఫరెన్స్ గ్రామర్‌లో బాతులన్నీ ఈదగలవు అనే వాక్యం ఉంది: "రో దత్క కాహె ఫ్లులిమ్న". అందులో రో పెట్టినా పర్వాలేదన్నారు, ఇంతవరకు నీళ్ళు చూడని బాతుపిల్లకి కూడా ఆ సామర్థ్యం ఉంది కాబట్టి.

దీనికి తోడు ఇంకో రెండు మాటలు ఉన్నాయి, నాకు ఎంతో ఇష్టమైనవి. నూహొ అంటే చేయగలదు, ఇంకా చేయలేదు. పూహి అంటే చేయగలదు, చేసింది కూడా. గుడ్డులోంచి అప్పుడే వచ్చి కళ్ళు కూడా తెరవని పిట్టపిల్ల గురించి "నూహొ వోఫ్లి" అనవచ్చు. రెక్కలొచ్చి గూటి అంచు మీంచి మొదటిసారి గాల్లోకి దూకాక అదే పిల్ల "పూహి వోఫ్లి". రెండక్షరాల మాటలో ఆ పిల్ల బతుకంతా ఉంది. చిగురాకు గారి పుస్తకంలో గూటి బొమ్మ ఉంటే ఈ రెండూ తప్పకుండా పెట్టమని నా కోరిక.

నీలిగళ్ళు

మరి పెంగ్విన్‌కి కాహె వోఫ్లి అనలేం కదా. అప్పుడు రో పెట్టలేం, మళ్ళీ మొదటికే వచ్చాం.

పాతకాపు

నిజమే. ఎగరడం దగ్గర "లోహె షిప్ని షు కాహె వోఫ్లి" అనాలి. రో కుదిరేది ఈత దగ్గర.

సన్నజాజి

అందరూ లోహెని గట్టిగా సమర్థిస్తున్నారు. ఖోర్లొ వచ్చాక కూడా ఇది అవసరమా అన్నది నా ప్రశ్న. 2003, 2004 ప్రాంతాల్లో గద్రుల నియమాల్ని తిరగరాశారు. దాన్నే ఖోర్లొ అంటున్నాం. అంతకుముందు లో వెనకాల కనబడకుండా ఒక "కనీసం ఒకటి" ఉండేది, చిగురాకు గారు మొదట భయపడింది దానికే. ఆ కనబడని లెక్కని తీసేశారు. ఇప్పుడు "లో షిప్ని షు వోఫ్లి" అంటే పక్షి ఎగురుతుంది, అంతే. ఏ పక్షి, ఎన్ని, ఎప్పుడు అన్నది సందర్భం చెబుతుంది. అచ్చం తెలుగు వాక్యం లాగా.

నాకు అనువాదం అలవాటు. లోహె వాడిన ప్రతిచోటా చదివేవాళ్ళు ఆగి "నమూనా పక్షి అంటే ఏది? ఎవరి నమూనా?" అని ఆలోచించడం చూశాను. పిల్లల పుస్తకంలో ఆ బరువు అవసరమా?

తర్కవిహారి

సన్నజాజి గారూ, మీరు చెప్పిన చరిత్ర నిజం. ఖోర్లొ తర్వాత లో ఒక్కదానితో నెట్టుకొచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది తప్పని ఎవరూ అనరు. అయినా నేను ఒప్పుకోలేనిది ఒకటుంది. లో అన్నది సందర్భానికి వదిలేస్తుంది. బొమ్మల పుస్తకంలో సందర్భం ఏమిటి? బొమ్మ. బొమ్మలో ఒక పక్షి ఎగురుతోంది. పిల్ల "లో షిప్ని షు వోఫ్లి" చదివి, ఈ బొమ్మలో పక్షి ఎగురుతోందని అర్థం చేసుకుంటుంది. ఆ అర్థమూ తప్పు కాదు. మనం చెప్పాలనుకున్నది పక్షుల తీరు. అది చేరాలంటే గద్రిలోనో క్రియలోనో ఎక్కడో ఒకచోట గుర్తు ఉండాలి.

"ఎవరి నమూనా" అని చదివేవాళ్ళు అడిగితే సంతోషమే. అడగాల్సిన ప్రశ్నే అది.

సన్నజాజి

బొమ్మ విషయం నాకు తట్టలేదు. ఆ సందర్భంలో ఒప్పుకుంటాను. పెద్దవాళ్ళు చదివే వ్యాసంలో మాత్రం లో, నాహొ కలిపి వాడటమే నాకు హాయిగా అనిపిస్తుంది.

కోడ్‌పిట్ట

నమూనా అన్నాక ఒక చిక్కు. "బాతు గుడ్లు పెడుతుంది." లోహె దత్క అంటే సరిపోతుందా? మగబాతు పెట్టదు, పిల్ల పెట్టదు. అంటే సగానికి మించి బాతులు గుడ్లు పెట్టవు. సోహె పెడితే అబద్ధం. నమూనా బాతు ఆడదా, మగదా?

పాతకాపు

ఇక్కడ లోజ్బాన్ ఇంకో మెలిక పెడుతుంది. గుడ్డుకి మూలపదం సోవ్ద. దాని నిర్వచనం చూడండి: అండం, శుక్రకణం, పుప్పొడి, ఏ బీజకణమైనా సోవ్దే. కాబట్టి "సే సోవ్ద" అంటే మగబాతుకి కూడా వర్తిస్తుంది! ఆ వాక్యం నిజమవుతుంది, కానీ మనం అనుకోని కారణానికి.

సూటిగా ఆడబాతు అనండి. "లోహె ఫెత్సి దత్క". తెలుగులో "బాతు గుడ్లు పెడుతుంది" అన్నప్పుడు ఆడబాతే అని వినేవాళ్ళు సర్దుకుంటారు. ఇక్కడ ఆ సర్దుబాటు రాసేవాళ్ళే చెయ్యాలి.

నుడికారం

దోమల సంగతీ ఇంతే. "దోమలు మలేరియాని మోసుకొస్తాయి" అని మనమంతా అంటాం. దోమల్లో 3,500కు పైగా జాతులున్నాయి, మలేరియాని మనిషికి అంటించేది అనాఫెలిస్ రకంలోని ఆడదోమలు మాత్రమే. ఆ ఆడదోమల్లో కూడా ఏ క్షణాన చూసినా పరాన్నజీవి లేనివే ఎక్కువ. లోహె పెడితే అబద్ధమే, నమూనా దోమ దగ్గర మలేరియా ఉండదు. ఆ వాక్యం చెప్పేది తీరు కాదు, ప్రమాదం. రాశిలో కొంత భాగం చాలు కాబట్టి పాత పద్ధతి లోయ్ ఇక్కడ పనికొస్తుంది.

ఇంకొకటి, "డోడో అంతరించిపోయింది". చివరిసారి కనబడింది 1662లో అని ఎక్కువమంది ఒప్పుకుంటారు. నమూనా డోడో అంతరించదు, ఏ డోడో అయినా చనిపోతుంది. అంతరించేది జాతి. దానికి ఝుత్సి అని జాతిని సూచించే పదం తీసుకోవాలి. తెలుగులో ఒకే మూసలో చెప్పే ఈ వాక్యాలు అక్కడ ఒక్కొక్కటీ ఒక్కో దారి పడతాయి.

ఎడమచేయి

నేను ఇక్కడ ఎక్కువగా చదువుతాను, రాయడం తక్కువ. లేహె గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను.

చిన్నప్పుడు ఎడమచేత్తో రాసేవాణ్ణి, ఇప్పటికీ అంతే. ఒకరోజు టీచర్ నా నోటుబుక్ తీసి క్లాసుకి చూపించారు. సిరా పేజీ పొడవునా అలికి ఉంది. ఎడమచేత్తో రాస్తే చెయ్యి అప్పుడే రాసిన అక్షరాల మీద నుంచే జరుగుతుంది కాబట్టి తడి సిరా అంటుకుంటుంది. ఆమె అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఎడమచేతివాళ్ళ రాత ఇలాగే ఉంటుంది." కోపంగా కూడా అనలేదు, ఏదో తెలిసిన విషయం చెబుతున్నట్టు అన్నారు.

నుడికారం గారు రాసింది చదివాక ఇన్నేళ్ళకి ఆ మాటలో నన్ను గుచ్చింది ఏదో తెలిసింది. ఆమె చేతిలో ఉన్నది ఒక్క నోటుబుక్. "ఈ రాత అలికి ఉంది" అని ఉంటే నేను తలూపేవాణ్ణి, నిజమే కదా. ఆమె "ఉంటుంది" అన్నారు. ఒక ఉంది లోంచి ఒక ఉంటుంది లోకి వెళ్ళిపోయారు, ఆ మధ్యలో నేను ఇరుక్కున్నాను. ఆ తర్వాత ఎంత శుభ్రంగా రాసినా అది మినహాయింపే అయ్యేది.

లేహె తెలిసినప్పుడు నాకు చాలా ఊరట కలిగింది. లోహె అంటే ఆ రకం నిజంగా ఎలా ఉంటుందో దాని నమూనా. లేహె అంటే నా మనసులో ఉన్న ముద్ర. నిజంతో సరిపోలినా పోలకపోయినా, నేను అలా ఊహించుకుంటున్నానని ఒప్పుకుంటూ చెప్పడం. ఆ రోజు ఆమె లోజ్బాన్‌లో మాట్లాడి ఉంటే లోహె, లేహెలలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చేది.

తర్కవిహారి

రాసినందుకు చాలా థాంక్స్ అండి.

మీరు చెప్పినదానికి కొంచెం చేర్పు. లో, లే మధ్య ఉన్న సంబంధమే లోహె, లేహె మధ్య కూడా ఉంది. లే అన్నది "నేను ఫలానా అని వర్ణిస్తున్నది". ఆ వర్ణన బాధ్యత మాట్లాడేవాడిదే. లేహెలో ఆ బాధ్యత ముద్ర మీదకి వస్తుంది. పేర్ల ముందు పెట్టే లా వరుసలో మాత్రం ఇలాంటిది లేదు, లాహె అన్న రూపాన్ని అప్పటికే వేరే పనికి వాడేశారు.

ఎంచుకోవాల్సి వచ్చేది అన్నారు. వచ్చేది, కానీ ఆమె లోహెనే ఎంచుకుని ఉండవచ్చు. తన మనసులోని ముద్రని లోకరీతి అనుకునేవాళ్ళు లోహెనే వాడతారు. వ్యాకరణం వాళ్ళని ఆపదు. వినేవాళ్ళకి మాత్రం ఒక పట్టు దొరుకుతుంది. "మీరు లోహె అన్నారు, అది లేహె" అని రెండు మాటల్లో సరిదిద్దవచ్చు. తెలుగులో ఆ మాట అనాలంటే ఒక పేరా కావాలి.

సన్నజాజి

దీనికి తోడు సాక్ష్యం చెప్పే మాటలు కూడా ఉన్నాయి కదా. వాక్యం మొదట జాహ అంటే నేను చూశాను. తీహె అంటే విన్నాను. కాహు అంటే మా సంప్రదాయంలో అలా తెలుసు. సూహ అంటే నేను చూసిన కొన్నింటి నుంచి సాధారణీకరిస్తున్నాను. ఆ టీచర్ చేసింది సూహ. ఒక్క నోటుబుక్ మీద సూహ. ఆ మాట పైకి చెప్పాల్సి వస్తే, ఎన్ని చూసి సాధారణీకరించానో అని తనకే ఒక ఆలోచన వస్తుంది.

గద్రి కంటే ఇదే బలమైనదని నా అభిప్రాయం. లోహె, లేహె ఆ మనుషుల గురించి చెబుతాయి. సూహ మాట్లాడేవాళ్ళ గురించి చెబుతుంది.

ఎడమచేయి

సూహ సంగతి తెలియదు నాకు. రాసుకున్నాను.

నీలిగళ్ళు

"అందరూ అంతే" అని రోజుకి పదిసార్లు అంటాం. దాన్ని లోజ్బాన్‌లో రో పెట్టి చెప్పకూడదని ఈరోజు తెలిసింది.

నుడికారం

"అందరూ" అన్నప్పుడు తెలుగులో ఎవరూ లెక్కపెట్టరు. రో మాత్రం పూర్తిగా లెక్కపెడుతుంది, ఒక్కరు తప్పినా వాక్యం తప్పే. మన "అందరూ అంతే" నూటికి తొంభైసార్లు లేహె.

చిగురాకు

రెండు రోజులు పని మీద ఉండి ఇప్పుడే అన్నీ చదివాను. 12 వాక్యాల్లో 9 లోహెతో కుదిరాయి. బాతుకి ఫెత్సి చేర్చాను. గూటి బొమ్మ లేదు, కానీ పాతకాపు గారు చెప్పాక ఒకటి గీయిస్తున్నాను: ఎడమ పేజీలో గూట్లో పిల్ల, నూహొ వోఫ్లి. కుడి పేజీలో అదే పిల్ల గాల్లో, పూహి వోఫ్లి. పెంగ్విన్ బొమ్మ కింద "ఎగరదు" అని రాయడం మానేశాను. అది ఈదుతుంది అని రాశాను, పెంగ్విన్ తీరు అది కదా.

పిల్లి పేజీలో ఒకటి కాదు, రెండు వాక్యాలు పెడుతున్నాను. బొమ్మ కూడా మార్చాను, కిటికీ మీద కూర్చున్న ఆ పిల్లినే గీయించాను.

"లోహె మ్లాతు షు సే తుప్లె వో దా. ఇ కూహి లే వి మ్లాతు షు సే తుప్లె చి దా."

పిల్లికి నాలుగు కాళ్ళు ఉంటాయి. అయితే ఈ పిల్లికి మూడు ఉన్నాయి. ఇందులో దా రెండుసార్లు వచ్చింది, రెండూ ఒకే కాళ్ళని సూచిస్తాయేమోనని అనుమానం.

తర్కవిహారి

సూచించవు. ఇ తో కొత్త వాక్యం మొదలవగానే మొదటి దా పరిధి ముగిసిపోతుంది. ఇఝె లాంటి తార్కిక సంధానం పెట్టి కలిపితేనే అది రెండో వాక్యంలోకి పాకుతుంది. ఒక్క అక్షరం మాత్రం సరిచూసుకోండి, మూడుకి అసలు రాతలో ఉన్నది షిప్నిలో ఉన్న అక్షరమే. "షి దా" అని రాయండి.

చిగురాకు

అవును, షి. మార్చేశాను. పేజీ ప్రింట్‌కి వెళ్ళింది.